ఎండదెబ్బ తిన్న బండి చలికి ఆగుతుంది

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతంలో మే నెల వచ్చిందంటే పగటి వేడి 43, 44 డిగ్రీలకు చేరడం ఏటా ఉండేదే. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో చలి ఎంత బిగించినా 15 డిగ్రీల దరిదాపుల్లో ఆగిపోతుంది. గండికోట లోయ అంచున గుడారాలు వేసుకుని పడుకున్నవాళ్లకు దుప్పటి కావాలి గానీ, వాళ్లు వచ్చిన బండిలో ఏదీ గడ్డకట్టదు. ఇక్కడి పాత బండికి అసలైన చలి ఎదురయ్యేది కడప జిల్లా దాటి ఉత్తరానికి పోయినప్పుడే.

అలా పోయే బండ్లు తక్కువేం కాదు. పులివెందుల అరటి లారీలు ఢిల్లీ మార్కెట్ల దాకా పోతాయి. బియ్యం, పప్పు, గ్యాసు పొయ్యి, పరుపులు సర్దుకుని కాశీ, ప్రయాగ, హరిద్వార్ చుట్టి వచ్చే యాత్రికుల వ్యాన్లు ఉంటాయి. 2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో జరిగిన మహా కుంభమేళాకు తెలుగు జిల్లాల నుంచి ఎన్నో బండ్లు రోడ్డు మార్గాన కదిలాయి. ప్రొద్దుటూరు మీదుగా సాగే 67వ జాతీయ రహదారి గుత్తి దగ్గర 44వ జాతీయ రహదారిని కలుస్తుంది. ఆ దారిని వదలకుండా పోతే హైదరాబాదు, నాగపూర్, ఆగ్రా, ఢిల్లీ, జమ్మూ దాటి శ్రీనగర్ చేరవచ్చు. అక్కడ డిసెంబరు 21న మొదలయ్యే 40 రోజుల గడ్డుచలి కాలాన్ని చిల్లై కలాన్ అంటారు. 2024లో ఆ మొదటి రోజునే శ్రీనగర్‌లో మైనస్ 8.5 డిగ్రీలు నమోదైంది. ఇంకా పైకి, లద్దాఖ్‌లోని ద్రాస్ వైపు పోతే మైనస్ 20 కూడా వింత కాదు.

యాత్రలకు పోయే వ్యాన్లలో మనకు బాగా తెలిసినది టెంపో ట్రావెలర్. జర్మనీకి చెందిన మెర్సిడెస్ బెంజ్ టీ1 వ్యాను నమూనా ఆధారంగా, ఇప్పుడు ఫోర్స్ మోటార్స్‌గా ఉన్న బజాజ్ టెంపో కంపెనీ 1987లో దాన్ని మన దేశంలోకి తెచ్చింది. యూరప్‌లో అదే టీ1ను ఎంతోమంది పడకలు, వంటగది అమర్చుకుని క్యాంపర్ వ్యానుగా మార్చుకున్నారు. వాటిలో కొన్ని నేటికీ మంచు రోడ్ల మీద తిరుగుతున్నాయి. పుట్టుక ఒకటే అయినా పెరిగిన చోటు వేరు. కడప జిల్లాలో పదిహేను, ఇరవై ఏళ్లు తిరిగిన వ్యాను ఎండకు అలవాటు పడింది. దాని ఆయిలు, దాని నీళ్లు, దాని బ్యాటరీ, చివరికి దాని మెకానిక్ చేసిన చిన్న చిన్న మార్పులు కూడా వేడిని దృష్టిలో పెట్టుకుని చేసినవే. చలి ఆ అలవాట్లన్నింటికీ ఒక్క రాత్రిలో పరీక్ష పెడుతుంది. అందుకే అలాంటి బండి మంచులో ఆగిపోయిందంటే, కారణం చాలావరకు అది బయలుదేరిన ఊళ్లోనే ఉంటుంది.

బ్యాటరీ: మేలో దెబ్బ, జనవరిలో నొప్పి

చలికి బ్యాటరీ చచ్చిపోయిందని డ్రైవర్లు అంటారు. నిజానికి దాన్ని చంపేది ఎండ. సీసం పలకలు, పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం మధ్య జరిగే రసాయన చర్యతో బ్యాటరీ పనిచేస్తుంది. వేడి పెరిగే కొద్దీ ఆ చర్యతోపాటు పలకలు తినుకుపోవడం, లోపలి నీరు ఆవిరి కావడం కూడా వేగం పుంజుకుంటాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుందన్నది ఇంజనీర్లు వాడే మోటు లెక్క. 44 డిగ్రీల ఎండలో, దానికంటే ఎంతో వేడిగా ఉండే ఇంజన్ పక్కన కూర్చున్న బ్యాటరీ సంగతి ఊహించుకోవచ్చు. అయినా ఆ దెబ్బ అప్పటికి బయటపడదు. వేడిగా ఉన్న ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి, అరిగిన బ్యాటరీ కూడా సెల్ఫ్ అందుకుంటుంది.

చలిలో రెండు వైపుల నుంచీ కష్టం వస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ తన బలంలో సుమారు మూడో వంతు పోగొట్టుకుంటుంది. మైనస్ 18 దగ్గర సగానికి పైగా పోతుంది. అదే సమయంలో చిక్కబడిన ఆయిలు వల్ల ఇంజన్‌ను తిప్పడానికి కావలసిన శక్తి రెట్టింపు దాటుతుంది. ఎండాకాలం తిన్న దెబ్బ ఆ తెల్లవారుజామున బయటపడుతుంది.

దీన్ని ఊళ్లోనే కనిపెట్టవచ్చు. బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ రెండు కొనల మధ్య 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2కు పడితే సగమే ఉన్నట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 వోల్టుల కిందికి జారితే ఆ బ్యాటరీతో ఉత్తరానికి బయలుదేరడం మంచిది కాదు. ఇంకో ముప్పు ఉంది. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీలో ఆమ్లం గాఢంగా ఉండి ఎంత చలికైనా తట్టుకుంటుంది. పూర్తిగా డౌన్ అయిన దానిలో మిగిలేది దాదాపు నీరే కాబట్టి, మైనస్ 10కి అటూ ఇటూ గడ్డకట్టి పెట్టెనే పగలగొడుతుంది. అలా గడ్డకట్టిన బ్యాటరీకి చార్జింగ్ పెడితే పేలే ప్రమాదం ఉంది.

ఆయిలు డబ్బా మీద అంకెలు

పాత డీజిల్ బండ్లకు మన షెడ్లలో ఎక్కువగా పోసేది 20డబ్ల్యూ–40 ఆయిలు. ఇందులో రెండో అంకె, అంటే 40, ఇంజన్ కాగినప్పుడు ఆయిలు ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో అది ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. ఎస్‌ఏఈ ప్రమాణం ప్రకారం 20డబ్ల్యూ రకాన్ని మైనస్ 15 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యూను మైనస్ 20 దగ్గర, 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. ఆ హద్దు దాటితే ఇంజన్ తిరుగుతుందన్న హామీ లేదు.

సెల్ఫ్ అందుకోకపోవడం కంటే పెద్ద నష్టం, స్టార్ట్ అయిన తర్వాత జరిగేది. చిక్కబడిన ఆయిలు పంపులోంచి పైకి ఎక్కడానికి సమయం తీసుకుంటుంది. అంతసేపూ బేరింగులు, క్యామ్‌షాఫ్ట్ దాదాపు పొడిగానే రాసుకుంటాయి. అందువల్ల స్టార్ట్ కాగానే రేసు చేయడం పాత ఇంజన్‌కు చేటు. ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చి, తర్వాత తక్కువ వేగంతో బండి కదిలిస్తే ఇంజన్, గేర్‌బాక్సు, వెనక యాక్సిల్ అన్నీ కలిసి వేడెక్కుతాయి.

గాలికి వేడి చాలనప్పుడు

డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా కుదించగా పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. పాత ట్రావెలర్లలోని ఇంజన్ మెర్సిడెస్ ఓఎం616 వంశానికి చెందినది. అది గాలిని సుమారు 21వ వంతుకు కుదిస్తుంది. 30 డిగ్రీల గాలిని అలా కుదిస్తే లెక్క ప్రకారం 600 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. మైనస్ 20 డిగ్రీల గాలి అయితే 460 దగ్గరే ఆగుతుంది. ఆ 460 కూడా రింగులు బాగున్న ఇంజన్‌లోనే. రింగులు అరిగిన ఇంజన్‌లో గాలి పక్కల నుంచి జారిపోతుంది. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగే కొద్దీ ఇంకా జారుతుంది. మిగిలిన వేడిని చల్లని ఇనుప గోడలు పీల్చుకుంటాయి. డీజిల్ అంటుకోక, సైలెన్సర్ నుంచి తెల్లని పొగగా బయటికి వస్తుంది.

ఆ లోటు తీర్చడానికే ఈ ఇంజన్లలో ప్రతి సిలిండర్‌కూ ఒక హీటర్ ప్లగ్గు ఉంటుంది. కడప ఎండల్లో దానితో పని తక్కువ. నాలుగింటిలో రెండు కాలిపోయినా బండి మామూలుగానే స్టార్ట్ అవుతుంది కనుక ఎవరూ పట్టించుకోరు. జమ్మూ దాటాక ఆ రెండూ లేని లోటు తెలుస్తుంది. ఒక్కో ప్లగ్గునూ విప్పి మీటరుతో చూడటం మెకానిక్‌కు పెద్ద పనేమీ కాదు.

డీజిల్ పేరుకుంటే

డీజిల్‌లో పారాఫిన్ అనే మైనపు పదార్థం సహజంగానే కరిగి ఉంటుంది. చల్లబడే కొద్దీ అది చలికాలపు నెయ్యిలా పేరుకుంటుంది. మొదట డీజిల్ మసకబారుతుంది. తర్వాత మైనపు పలుకులు ఫిల్టర్ కాగితానికి అడ్డం పడతాయి. ఆ పైన డీజిల్ కదలడమే మానేస్తుంది. ట్యాంకులో ఇంకా పారే డీజిల్ ఉండగానే ఫిల్టర్ మూసుకుపోయి బండి ఆగుతుంది. డ్రైవర్ దాన్ని ఎయిర్ లాక్ అనుకుని పంపు కొడుతూ గంటలు గడుపుతాడు.

మన దేశంలో డీజిల్ నాణ్యతకు ఐఎస్ 1460 ప్రమాణం ఉంది. అందులో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా శీతకాలంగా, మిగిలిన నెలలను వేసవిగా లెక్కిస్తారు. ఫిల్టర్ మూసుకుపోయే ఉష్ణోగ్రత శీతకాలపు డీజిల్‌కు గరిష్ఠంగా 6 డిగ్రీలు, వేసవి డీజిల్‌కు 18 డిగ్రీలు ఉండవచ్చు. అంటే అక్టోబరులో ప్రొద్దుటూరులో నింపిన ట్యాంకు, ప్రమాణం ప్రకారం చూస్తే, హిమాలయాల చలి కోసం తయారైనది కాదు. శీతకాలపు డీజిల్ కూడా మైనస్ డిగ్రీలకు హామీ ఇవ్వదు. లద్దాఖ్ వంటి చోట్ల ఈ బాధ తీర్చడానికి ఇండియన్ ఆయిల్ సంస్థ పానిపట్ రిఫైనరీలో ప్రత్యేక డీజిల్ తయారు చేసింది. మైనస్ 33 డిగ్రీల దాకా పారే ఆ డీజిల్‌ను 2019 నవంబరు 17న విడుదల చేశారు.

కాబట్టి మైదానంలో నింపిన డీజిల్‌ను కొండ ఎక్కేలోపు వీలైనంత ఖర్చుచేసి, స్థానికంగా దొరికేది నింపుకోవడం తెలివైన పని. మైనం పేరకుండా చేసే ద్రావకాలు మార్కెట్లో ఉన్నాయి. వాటిని డీజిల్ వెచ్చగా ఉండగానే కలపాలి. ఒకసారి పేరుకున్న మైనాన్ని అవి కరిగించలేవు. కిరోసిన్ కలిపితే డీజిల్ పలుచబడే మాట నిజమే. కానీ ఇంధన పంపులోని భాగాలకు డీజిలే కందెన. కిరోసిన్ ఆ జిగురును తగ్గించి పంపును అరగదీస్తుంది. పైగా అది చట్టప్రకారం కల్తీ. పేరుకుపోయిన ఫిల్టర్ మీద గుడ్డ చుట్టి వేడినీళ్లు పోస్తే చాలు. ట్యాంకు కింద మంట పెట్టడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. 1941 శీతకాలంలో మాస్కో ముంగిట చలికి బిగుసుకుపోయిన జర్మన్ సైన్యం తన వాహనాల కింద మంటలు వేసింది. ఆ పని ఎంత తెగింపుదో, ఎంత నిస్సహాయమైనదో అర్థం చేసుకోవచ్చు.

ఒక మంచి మాట పాత బండి తరఫున చెప్పాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్–6 డీజిల్ బండ్లలో చాలావాటికి యూరియా ద్రావణం పోయాలి. అది మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది కనుక దానికి వేరే హీటర్ కావాలి. పాత బండికి ఆ గొడవ లేదు. సెన్సర్లు లేనందున దారిలో ఎక్కడి మెకానిక్ అయినా చేయి పెట్టగలడు.

రేడియేటర్‌లో సున్నపురాయి

జమ్మలమడుగు చుట్టూ ఉన్న నేల సున్నపురాయి నేల. దగ్గర్లోని నార్జి ఊరి పేరు మీదే భూగర్భ శాస్త్రవేత్తలు ఆ రాతి పొరను నార్జి సున్నపురాయి అంటారు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి వల్లే. ఆ రాళ్ల సందుల్లోంచి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం కరిగి ఉంటుంది. నీరు కాగగానే అది తెల్లని పెచ్చుగా విడిపోయి గోడలకు పడుతుంది. ఆ పెచ్చు గుండా వేడి ప్రసరించడం, రాగితో పోలిస్తే, వంద రెట్లకు పైగా తక్కువ. అలాంటి నీళ్లు ఏళ్ల తరబడి పోసిన రేడియేటర్‌లో సన్నని గొట్టాలు సగం మూసుకుపోయి ఉంటాయి.

వేసవిలో ఆ బండి ఊరికే కాగుతుంది. అప్పుడు చాలా షెడ్లలో చేసే ఉపాయం థర్మోస్టాట్ వాల్వును పీకి పారేయడం. ఇంజన్ తగినంత వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపేది ఆ వాల్వే. అది లేకపోతే ఎండలో కాస్త ఊరట దొరికినట్టే ఉంటుంది. చలిలో మాత్రం ఇంజన్ ఎన్ని గంటలు నడిచినా సరైన వేడికి చేరదు. డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిలులోకి డీజిల్ దిగుతుంది, లోపలి మనుషులకు హీటర్ గాలి కూడా వెచ్చగా రాదు. ఉత్తరాదికి పోయే లారీల ముందు అట్టముక్కలు, గోతాలు కట్టి ఉండటం ఈ లోటు పూడ్చడానికే.

నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి ఇంజన్ బ్లాకు పోత ఇనుము కూడా పగులుతుంది. పగిలిన బ్లాకుతో పాత బండి కథ అక్కడితో ముగిసినట్టే. సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ మైనస్ 37 దాకా గడ్డకట్టదు. దాని మరిగే ఉష్ణోగ్రత కూడా నీటికంటే ఎక్కువ కనుక కడప మే నెలకూ అదే మేలు. ముందు రేడియేటర్‌ను పెచ్చు పోయేలా శుభ్రం చేయించి, థర్మోస్టాట్ కొత్తది వేయించి, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయాలి. గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలకు, పశువులకు అందకుండా చూడాలి.

టైర్లు, గాలి, ఎత్తు

35 డిగ్రీల మధ్యాహ్నం 60 పౌండ్ల గాలి కొట్టిన టైరు, మైనస్ 5 డిగ్రీల ఉదయానికి 50కి దిగుతుంది. పంక్చరు ఏమీ ఉండదు. గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. చలి ప్రదేశంలో మళ్లీ కొట్టించిన గాలిని మైదానంలోకి దిగాక సరిచూసుకోవాలి.

శ్రీనగర్ నుంచి లద్దాఖ్ దారిలో ఉన్న జోజిలా కనుమ ఎత్తు 3,500 మీటర్లకు పైనే. అక్కడ గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే సుమారు 65 శాతం. టర్బో లేని పాత ఇంజన్‌కు ఆక్సిజన్ చాలక నల్లపొగ కక్కుతూ నీరసిస్తుంది. అక్కడ నీరు 88 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి కుక్కర్ లేకుండా అన్నం ఉడకదు.

బండిలోనే రాత్రి

వ్యానులోనే పడుకునేవారికి ఇంజన్ కంటే జాగ్రత్తగా చూసుకోవలసినవి రెండున్నాయి.

మొదటిది గ్యాసు. ఎల్‌పీజీలో ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరి అవుతూనే ఉంటుంది. బ్యూటేన్ మాత్రం సున్నాకు కొంచెం దిగువనే ఆవిరి కావడం మానేస్తుంది. సిలిండర్ బరువుగానే ఉంటుంది, పొయ్యి మాత్రం వెలగదు. సిలిండర్‌ను గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కాసేపు ఉంచితే ఫలితం ఉంటుంది. దాన్ని సెగకు దగ్గరగా పెట్టకూడదు.

రెండోది కార్బన్ మోనాక్సైడ్. రంగూ వాసనా లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మగత కమ్మి, నిద్రలోనే ప్రాణం పోతుంది. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ కొండల్లో మంచుకు చిక్కుకున్న కార్లలో 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో కొందరి మరణానికి ఈ వాయువే కారణమని అక్కడి అధికారులు చెప్పారు. మంచు సైలెన్సర్‌ను మూసేసినప్పుడు పొగ లోపలికి ఎక్కుతుంది. అడుగున తుప్పుపట్టి చిల్లులు పడిన పాత వ్యానులో అది ఇంకా తేలిక. తలుపులు మూసి బొగ్గుల కుంపటి, గ్యాసు పొయ్యి వెలిగించుకుని పడుకోవడం, ఇంజన్ నడుపుతూ నిద్రపోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి అరిచే చిన్న పరికరం ధర మనిషి ప్రాణం ముందు ఏపాటిదీ కాదు. కిటికీ రెండు వేళ్ల సందున తెరిచి ఉంచితే ఊపిరి తేమ కూడా బయటికి పోయి, ఉదయం అద్దాల లోపలి వైపు మంచు పట్టకుండా ఉంటుంది.

మంచు దేశాల్లో చేసే పని

అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రం, గ్రాండ్ ఫోర్క్స్ ఊరికి చెందిన ఆండ్రూ ఫ్రీమన్ 1949లో ఇంజన్‌ను వెచ్చబరిచే విద్యుత్ హీటర్‌కు పేటెంట్ పొందాడు. నేడు కెనడాలోని ఎడ్మంటన్, విన్నిపెగ్ నగరాల్లో కార్లు నిలిపే చోట్ల కరెంటు ప్లగ్గులు ఉంటాయి. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు కూడా కారు ముందు నుంచి వేలాడే తీగను రాత్రి ఆ ప్లగ్గుకు తగిలించి పడుకోవడం నేర్చుకున్నారు. ఇంజన్ పూర్తిగా చల్లారకపోతే ఆయిలు, గాలి, బ్యాటరీ కష్టాలన్నీ ఒకేసారి తగ్గుతాయి. మన దారుల్లో ఆ సౌకర్యం లేదు కనుక, బండిని గాలి తగలని గోడ పక్కన, తెల్లవారగానే ఎండ పడేలా నిలపడం, రాత్రి బ్యాటరీ విప్పి గదిలోకి తెచ్చుకోవడం, బానెట్ మీద మందపాటి రగ్గు కప్పి స్టార్ట్ చేసే ముందు తీసేయడం అందుబాటులో ఉన్న మార్గాలు.

బయలుదేరేలోపు షెడ్డులో చేయించవలసిన పనులకు ఒక వరుస ఉంది. ముందు రేడియేటర్ శుభ్రం, థర్మోస్టాట్, కూలెంట్. తర్వాత హీటర్ ప్లగ్గులు, బ్యాటరీ పరీక్ష. ఆ తర్వాత డీజిల్ ఫిల్టర్ మార్చి, ట్యాంకు అడుగున చేరిన నీటిని వదిలించడం. చివరగా ఆయిలు, ఇంజన్ తయారీదారు ఒప్పుకునే 15డబ్ల్యూ–40 రకానిది. ఇవన్నీ వారం ముందే చేయించి, జమ్మలమడుగు దాకానో ముద్దనూరు దాకానో తిప్పి చూసుకుంటే లీకులు ఇంటి దగ్గరే బయటపడతాయి.

తిరిగి వచ్చాక కూలెంట్‌ను పారబోసి మళ్లీ బోరు నీళ్లు నింపనక్కర్లేదు. థర్మోస్టాట్ పీకనక్కర్లేదు. రేడియేటర్ శుభ్రంగా ఉంటే వేసవిలో వాల్వు దానంతటదే తెరుచుకుంటుంది. 15డబ్ల్యూ–40 ఆయిలు కాగినప్పుడు 20డబ్ల్యూ–40 ఎంత చిక్కగా నిలబడుతుందో అంతే నిలబడుతుంది కాబట్టి, వేసవికి మళ్లీ మార్చే పని లేదు. ముందు కట్టిన అట్టముక్కను మాత్రం మైదానంలోకి దిగగానే విప్పేయాలి. ఏప్రిల్, మే నెలల్లో పదిహేను రోజులకు ఒకసారి బ్యాటరీ మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసుకుని, బండిని చెట్టు నీడన నిలిపితే, వచ్చే జనవరి ప్రయాణానికి ఆ బ్యాటరీ మిగులుతుంది.